మెట్ల మీద సహనం

కళ్ళద్దాల దుకాణం నుంచి,
వానలు మొదలైన వారం.

అక్కకు తమ్ముడి సలాం.

అల్లాహ్ దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నీ కుట్టుమిషన్లూ నీ మోకాళ్ళూ ఆగకుండా నడుస్తున్నాయని తలుస్తాను. ఒక సంతోషవార్త చెబుదామని రాస్తున్నాను.

ఈ ఏడు మా మసీదు కమిటీ మంచి పని ఒకటి తలపెట్టింది. ప్రవక్త వారి (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితం గురించి ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం, ఇక ఆయన చూపిన దారిలో బతకడం కూడా మొదలుపెట్టాలి అన్నారు కమిటీ పెద్ద. సభ్యులం తలా ఒక గుణం తీసుకున్నాం. ఏడాదంతా దాన్ని ఆచరించి, చివర్లో పెద్ద సభ పెట్టి ఎవరి అనుభవం వాళ్ళు చెప్పాలి. అందరికంటే బాగా ఆచరించినవాడు ఆ సభకు ముఖ్య వక్త. చీటీలు వేస్తే బట్టల కొట్టాయనకు దానధర్మం వచ్చింది. మందుల షాపాయనకు నిజాయితీ వచ్చింది, చీటీ మార్చుకోవచ్చా అని అడిగాడు. నాకు సహనం వచ్చింది.

ఇందులో పైవాడి ఏర్పాటు ఎంత గొప్పదో చూడు. మా పై అంతస్తులో ఉండే టీచరమ్మ నీకు తెలుసుగా, లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పోయినేడు భర్త పోయాడు. ఆవిడ కొంతకాలంగా పొద్దున్నే తన ఇల్లూ మెట్లూ ఊడ్చి, ఆ చెత్తంతా మెట్టుమెట్టూ దింపి, సరిగ్గా మా గుమ్మం ముందు పోగుపెట్టి పోతోంది. ఇన్నాళ్ళూ నాకు ఒళ్ళు మండేది. చీటీ విప్పగానే కళ్ళు తెరుచుకున్నాయి. ప్రవక్త వారు నడిచే దారిలో ఒక ముసలామె రోజూ చెత్త పోసేదనీ, ఆయన పల్లెత్తు మాట అనలేదనీ, ఒకనాడు చెత్త కనబడకపోతే ఆరా తీసి, ఆమె జబ్బు పడిందని తెలిసి స్వయంగా వెళ్ళి పరామర్శించారనీ చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నాం. ఊరందరూ ఆ కథ చెబుతారు. నాకైతే కథే మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చింది. నేనిప్పుడు ఆ చెత్తను దాటుకుంటూ, చిరునవ్వుతో దుకాణానికి దిగుతున్నాను.

నీ తమ్ముడు.

వదినా, ఉత్తరం పోస్టు చేసేది నేనే కాబట్టి అడుగున ఈ రెండు లైన్లు నావి. ఈయన చిరునవ్వుతో దాటి వెళ్ళిన చెత్తను తర్వాత ఎత్తేది నేను. సహనం ఆయనది, చీపురు నాది. మీరు మందులు వేళకు వేసుకోండి. మీ మరదలు.

*

కుట్టుమిషన్ల గది నుంచి,
స్కూళ్ళు తెరిచి, ఊపిరాడని రోజుల్లో.

తమ్ముడికి అక్క సలాం.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని నీకు కోపంగా ఉందట. కోపం తెచ్చుకోకు, నీకు వచ్చింది సహనం చీటీ. ఫోన్లో నువ్వు మాట్లాడవు, ప్రసంగిస్తావు. ఉత్తరమైతే కాగితం అయిపోగానే ఆగుతావు. అంతే కారణం.

నీకు సహనం ఇచ్చారంటే నమ్మలేక రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు పాలు కాగేదాకా ఆగలేక గిన్నెలో వేలు పెట్టినవాడివి. కళ్ళు పరీక్షించేటప్పుడు ముసలాళ్ళు నాలుగో వరస చదవలేక తడుముకుంటే నువ్వే చదివేసి అద్దాలు కట్టే మనిషివి. అసలు మీ ఇంట్లో సహనమనే వస్తువు ఎవరి దగ్గరుందో ఆ కమిటీకి తెలిసుంటే, చీటీ మీద నీ పెళ్ళాం పేరు రాసేవాళ్ళు. అడుగున ఆమె రాసిన రెండు లైన్లు నువ్వు చదివే ఉండవు. చదువు.

ఒక సందేహం. ఆ కథలో ముసలామె విశ్వాసి కాదు, అందుకే ప్రవక్త వారంటే పడేది కాదు అని చెబుతారు. మీ టీచరమ్మ నాకు తెలిసి అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. తెల్లవారుజాము నమాజుకు నిన్ను లేపడానికి కర్రతో నేల మీద కొడుతుందని, దాంతో మీ పైకప్పు అదురుతుందని నువ్వే ఒకప్పుడు చెప్పి నవ్వావు. అలాంటి మనిషి నీ గుమ్మంలో చెత్త ఎందుకు పోస్తోంది?

యూనిఫారాల గొడవలో ఉన్నాను. ఒక స్కూలువాళ్ళు చొక్కాలన్నింటికీ జేబు కుడివైపు కుట్టించుకుని ఇప్పుడు ఎడమవైపు కావాలంటున్నారు. నాకూ ఒక చీటీ పంపు.

అక్క.

*

కళ్ళద్దాల దుకాణం నుంచి,
ఎండ కాస్త తేరుకున్నాక.

అక్కకు సలాం.

నీ ఎగతాళిని కూడా నా సహనంలో జమ వేసుకుంటున్నాను. కమిటీ సమావేశంలో నా అనుభవం కొంచెం చెప్పాను. అందరూ సుభానల్లాహ్ అన్నారు. బట్టల కొట్టాయన ముఖం మాడిపోయింది. పాపం, ఆయన దానం చేసినవన్నీ రంగు వెలిసిన బట్టలు.

టీచరమ్మ ఎందుకలా చేస్తోందని అడిగావు. ముసలితనం, ఒంటరితనం, చాదస్తం. అడగాల్సిందేముంది.

నాకున్న ఇబ్బంది ఒక్కటే, నీకు కాబట్టి రాస్తున్నాను. ఆవిడ ఆరోగ్యం రాయిలా ఉంది. ఈ వానల్లో వీధి వీధంతా జ్వరాలతో మూలుగుతుంటే ఆవిడకు తుమ్ము కూడా రాలేదు. రోజూ మెట్ల మీద ఎదురైనప్పుడు ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాను. మొదట్లో బాగుందనేది. ఇప్పుడు జవాబు చెప్పకుండా నన్ను పైనుంచి కిందిదాకా చూస్తోంది. నిన్నయితే, నా ఇంటి మీద కన్నేశావా అని అడిగింది. నేను పల్లెత్తు మాట అనలేదు. అది కూడా రాసి పెట్టుకున్నాను, సభలో పనికొస్తుంది.

తమ్ముడు.

వదినా, ఈయన రోజూ ఆవిడ ఆరోగ్యం అడిగేటప్పుడు మొహంలో ఆశ కనబడుతోంది. నాకు సిగ్గుగా ఉంది. మ.

*

కుట్టుమిషన్ల గది నుంచి,
కాజాలు కుడుతూ.

తమ్ముడూ,

నీ ఉత్తరం మా అమ్మాయిలకు చదివి వినిపించాను. మిషన్లన్నీ ఆగిపోయాయి. బటన్లు కుట్టే పిల్లయితే నవ్వి నవ్వి దారం కొరకబోయి వేలు కొరుక్కుంది.

పొరుగువాళ్ళకు జబ్బు చేయాలని ఎదురుచూసే పుణ్యాత్ముణ్ణి నేనింతవరకు ఎరగను. ఒరేయ్, ప్రవక్త వారు ఏ మనిషి జబ్బు కోసమైనా గుమ్మంలో కాచుకుని కూర్చున్నారా? ఆవిడ నూరేళ్ళు దిట్టంగా బతికితే నీ పుణ్యం గతేమిటి? చచ్చేదాకా ముఖ్య వక్తవి కాలేవే. కావాలంటే ఆవిడ పక్కన కూర్చుని నీ ప్రసంగం ఒకటి వినిపించు. మర్నాటికి మంచం పడుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ఇంట్లోకి పోకుండానే రచ్చకు బయలుదేరావు. నీ పెళ్ళాం నడుము ఎలా ఉంది? అది ఎప్పుడైనా అడిగావా?

అక్క.

*

కళ్ళద్దాల దుకాణం నుంచి,
శుక్రవారం, నమాజుకు ముందు.

అక్కకు సలాం.

క్లుప్తంగా రాస్తున్నాను. మొన్న గుమ్మం ముందు చెత్త పడలేదు. ధర్మం ప్రకారం పైకి వెళ్ళి పరామర్శించాను. అల్లాహ్ దయవల్ల ఆవిడ క్షేమంగానే ఉంది. ఇంతకంటే విశేషాలు లేవు.

తమ్ముడు.

వదినా, విశేషాలున్నాయి. చెత్త పడలేదని తెలియగానే ఈయన దుకాణం మూసేశారు. ఒక ముసలాయన అద్దాల కోసం కుర్చీలో కూర్చుని, ముక్కు మీద పరీక్ష ఫ్రేమ్ పెట్టుకుని ఉన్నాడు. ఆయన్ని అలాగే కూర్చోబెట్టి ఆపిల్ పళ్ళు కొనడానికి పరిగెత్తారు. కమిటీ వాళ్ళను ముగ్గుర్ని పిలిచారు. మందుల షాపాయన ఫోటో తీయడానికి ఫోన్ పైకెత్తి పట్టుకుని మరీ మెట్లెక్కాడు. నేను వెనకాల వెళ్ళాను, ఆవిడకు నిజంగా ఏమైనా అయిందేమోనని.

తలుపు తీసే ఉంది. టీచరమ్మ స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. నలుగురు మగవాళ్ళు పళ్ళసంచితో వరసగా నిలబడితే చూసి, జబ్బెవరికి అని అడిగింది. చివరికి ఈయన, పొద్దున చెత్త కనబడకపోతే కంగారుపడ్డాం అన్నారు. ఆవిడ ఫ్యాను తుడవడం ఆపకుండానే చెప్పింది, "చీపురు అరిగిపోయింది. సాయంత్రం కొంటాను. రేపట్నుంచి మామూలే."

పళ్ళు కిందికి తెచ్చేశారు. ఈయన తినలేదు. పరీక్ష ఫ్రేమ్ ముసలాయన ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. మ.

*

కుట్టుమిషన్ల గది నుంచి,
నవ్వు ఆగాక.

తమ్ముడూ,

నవ్వినందుకు నన్ను క్షమించు. క్షమించకపోతే నీ చీటీ పోతుంది.

ఇప్పుడు ఒక చేదు మాట. మా వీధి ఇమాము గారి భార్య జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తే నీ ముసలామె కథ అడిగాను. ఆమె ఇంటికెళ్ళి భర్తను అడిగి, మర్నాడు ప్రత్యేకంగా వచ్చి చెప్పింది. ఆ కథ నమ్మదగిన హదీసు గ్రంథాల్లో ఎక్కడా లేదట. జనం నోట పుట్టి జనం నోటే తిరుగుతోందట. అంటే ఇన్ని నెలలూ నా మరదలు నడుం వంచి ఊడ్చింది ఎవరూ చూడని కథ కోసం.

ఆధారమున్నవి ఏమిటని అడిగాను. అవి చాలా ఉన్నాయట. ఇంట్లో ప్రవక్త వారు ఏం చేసేవారని ఎవరో అడిగితే, ఇంటివాళ్ళ పనుల్లో సాయంగా ఉండేవారు, అజాన్ వినగానే నమాజుకు వెళ్ళేవారు అని వారి భార్యే చెప్పారట. చెప్పులు తానే కుట్టుకునేవారట, చిరిగిన బట్టకు తానే అతుకు వేసుకునేవారట. ఇవి మీ చీటీల్లో ఏ చీటీకి వచ్చాయి? ఎవరికీ రాలేదు కదూ. రావు. సభలో నిలబడి, నేను నా చొక్కాకు బొత్తాం కుట్టుకున్నాను అంటే ఎవడు సుభానల్లాహ్ అంటాడు?

మరో మాట. మీ పెళ్ళికి ముందు నేను కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఉన్నప్పుడు, నాకు జ్వరమొస్తే ఆ టీచరమ్మే తడిగుడ్డ వేసి కూర్చుంది. ఆవిడ ఊరికే చెత్త పోసే మనిషి కాదు. ఎందుకు పోస్తోందో నువ్వు ఎన్నడూ అడగలేదు. నేనడిగితే చాదస్తమని మాట దాటేశావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. ఏదో ఉంది. రాయి.

అక్క.

*

కళ్ళద్దాల దుకాణం నుంచి,
చలిగాలి మొదలయ్యాక.

అక్కకు సలాం.

ఆలస్యంగా రాస్తున్నాను. ముందు మా ఇమాము గారిని అడిగాను. ఆయన కూడా మీ ఇమాము మాటే చెప్పారు. ఇన్నాళ్ళూ నేను కమిటీలో ఆ కథ చెబుతుంటే ఎందుకు ఊరుకున్నారని అడిగాను. నువ్వు ఆపితే కదా నేను చెప్పడానికి అన్నారు. ఈ మధ్య అందరూ నీలాగే మాట్లాడుతున్నారు.

సరే. కథ పోయినా గుణం పోదు. ఆధారమున్నదే చేద్దామని ఇంటిపని మొదలుపెట్టాను. ముందు చెప్పు కుట్టాను. సూది అరచేతిలో దిగింది, చెప్పుకు పట్టీ తిరగబడింది. ఇప్పుడది వేసుకుంటే కాలు పక్కింటి వైపు పోతోంది. బొత్తాం కుట్టాను, చొక్కాను బనీనుతో కలిపి కుట్టేశాను. తర్వాత చీపురు అందుకున్నాను. టీచరమ్మ పోసిన చెత్త ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. తెల్లవారుజాము నమాజు నుంచి అందరూ ఇంటిముఖం పట్టే వేళకు సరిగ్గా మెట్లు కడుగుతాను. చూసినవాళ్ళు ఆగి మరీ మెచ్చుకుంటున్నారు. బట్టల కొట్టాయన కూడా వాళ్ళ మెట్లు కడగడం మొదలుపెట్టాడని విన్నాను. వాళ్ళింటికి అసలు మెట్లే లేవు, ఒకే ఒక్క గడప.

నువ్వడిగినదానికి నా దగ్గర జవాబేమీ లేదు. చాదస్తం అని ముందే రాశాను.

తమ్ముడు.

*

ఇంటి వంటగది నుంచి,
మధ్యాహ్నం.

వదిన గారికి సలాం.

ఈసారి అడుగున రెండు లైన్లు చాలవని పూర్తి ఉత్తరం రాస్తున్నాను. కంగారు పడకండి. మీ తమ్ముడికి చీలమండ ఎముక విరిగింది. పిండికట్టు వేశారు, నెలన్నర కాలు కింద పెట్టకూడదు. సబ్బు నీళ్ళతో మెట్లు కడుగుతూ ఉండగా వీధిలో కమిటీ పెద్ద పోతున్నారు. ఆయన చూశారో లేదోనని వెనక్కి తిరిగి గట్టిగా సలాం చెప్పబోయి జారారు. కమిటీ పెద్ద చూడనే లేదు. బకెట్ మాత్రం వీధి దాకా వెళ్ళింది.

మొదట దిగివచ్చింది టీచరమ్మ. నేను స్నానాల గదిలో ఉన్నాను, నాకు వినబడలేదు. నేను వచ్చేసరికి ఆవిడ మెట్టు మీద కూర్చుని ఈయన తల ఒళ్ళో పెట్టుకుని, కాలు కదపకుండా పట్టుకోమని పాలబ్బాయికి చెబుతోంది. ఆసుపత్రికి కూడా వచ్చింది. ఇంటికి వచ్చాక రోజూ ఒక గంట దిగివచ్చి కూర్చుంటోంది, నేను బయటి పనులు చూసుకోవడానికి వీలుగా. అలాగని కోపం పోయిందనుకునేరు. పడిన మర్నాడు పొద్దున కూడా చెత్త మామూలుగానే వచ్చింది. నేను ఉండబట్టలేక, ఇదేమిటి టీచరుగారూ, ఇంత కోపముండి ఆయన్నెలా లేపారు అన్నాను. పడ్డవాణ్ణి లేపడానికి కోపం అడ్డమొస్తుందా అంది. అది వేరు, ఇది వేరు అంది.

వదినా, చెత్త ఎందుకు పోస్తోందని మీరు ఈయన్ని రెండు ఉత్తరాల్లో అడిగారు. నన్నడిగి ఉంటే మొదటి ఉత్తరంలోనే చెప్పేదాన్ని. అడగకుండా భర్త మీద రాయడం ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తాను.

పోయినేడు మా వీధిలో పెద్ద సభ జరిగింది. ప్రవక్త వారి కరుణ గురించి మీ తమ్ముడి ప్రసంగం. జనం ఎక్కువని, వెనక వీధికి కూడా వినబడాలని ఒక లౌడ్‌స్పీకర్ హారన్ తెచ్చి మా మెట్ల కిటికీ ఊచలకు కట్టారు. అది టీచరమ్మ వాళ్ళ పడకగదికి ఎదురుగా ఉంటుంది. వాళ్ళాయన అప్పటికి చాలా రోజులుగా మంచం మీద ఉన్నారు. ఆ సాయంత్రం ప్రసంగం మధ్యలో టీచరమ్మ కిందికి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆయన నాతో ఏదో చెప్పాలని చూస్తున్నారు, నాకు వినబడటం లేదు, ఆ డబ్బా కాసేపు ఆపించు అంది. నేను జనంలోంచి దారి చేసుకుని వేదిక పక్కకు వెళ్ళి ఈయనకు చెప్పాను. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి ఐదు నిమిషాలు అన్నారు. నేను నిలబడ్డాను. ఇంకోసారి చెప్పాను. వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపారు. హారన్ తీగ ఎక్కడుందో నాకు తెలియదు. తెలిసుంటే పీకేసేదాన్ని.

ప్రసంగం అయిపోయేసరికి ఆయన పోయారు. మర్నాడు ఈయనే ముందుండి భుజం పట్టారు, అంత్యక్రియల పనులన్నీ చూశారు. టీచరమ్మ అప్పుడేమీ అనలేదు. నలభై రోజులు దాటాక చెత్త మొదలైంది. నాకు చూడగానే అర్థమైంది. అందుకే రోజూ ఊడ్చాను, ఒక్కరోజు కూడా ఆవిడతో పేచీ పెట్టుకోలేదు. నాకున్నది సహనమని మీరు రాశారు. సహనం కాదు వదినా, ఆ రోజు నేను కూడా తిరిగి వచ్చేశానుగా.

ఈయనకు ఇదంతా గుర్తుందో లేదో నాకు తెలియదు. మీరే అడగండి.

మీ మరదలు.

*

కుట్టుమిషన్ల గది నుంచి.

తమ్ముడూ,

కాలు త్వరగా కుదురుకోవాలి. దువా చేస్తున్నాను.

మరదలు అంతా రాసింది. ఆమె మీద కోపం తెచ్చుకుంటే ఇక నాకు ఉత్తరం రాయకు. ఇన్నాళ్ళూ నిన్ను చూసి నవ్వాను. ఇవాళ మిషన్ దగ్గర కూర్చుంటే చెయ్యి సాగలేదు.

చెత్త దాటుకుంటూ చిరునవ్వుతో దిగానని రాశావే, ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆవిడ రోజూ గుమ్మంలోకి వచ్చి చెబుతున్నా వినబడలేదా నీకు? నిన్ను బాధపెట్టినవాళ్ళను క్షమించడానికి ఏడాది పొడుగునా సాధన చేశావు. నువ్వు బాధపెట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి చీటీ రాలేదేం?

ఒక్కటే అడుగుతున్నాను. ఇదంతా నీకు తెలుసా, తెలియదా?

అక్క.

*

మంచం మీద నుంచి,
పిండికట్టు విప్పే ముందు వారం.

అక్కకు సలాం.

తెలుసు.

చెత్త పడిన మొదటి రోజే తెలుసు. తెలిసే చాదస్తం అని రాశాను. సహనం చీటీ వచ్చినప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో నీకు చెప్పలేను. ఆ చీటీతో నేను తప్పు చేసినవాణ్ణి కాస్తా ఓర్చుకునేవాణ్ణయిపోయాను. ఆవిడ నా బాకీదారయింది. అలా ఏడాదంతా గడిపేద్దామనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక రోజూ ఆవిడ గంటసేపు నా మంచం పక్కన కూర్చుని పేపరు చదువుకుంటుంటే నాకు గోడవైపు తిరగడం తప్ప ఏమీ తోచలేదు. ఆవిడ కిందికి వచ్చినప్పుడు చెప్పేస్తే సరిపోతుందనిపించింది. కానీ అలా మంచం మీద పడుకుని చెబితే, రోగి మాట అని ఊరుకుంటుంది. నిన్న నీ మరదలితో నన్ను పైకి వెళ్ళనివ్వమన్నాను. కాలు కింద పెట్టకూడదు కదా. మెట్ల మీద కూర్చుని, వెనక్కి చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ పిరుదులతో ఎక్కాను. నీ మరదలు కింద నుంచి కట్టు పట్టుకుంది. వీధిలోంచి కమిటీ పెద్ద చూసి, ఏమిటిది అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఆయన నిలబడి చూస్తున్నారని తెలిసి కూడా ఏమీ లేదన్నాను. ఇది గొప్పగా రాయడం లేదు. అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గొప్పగానే రాశాననుకో, నాకలవాటు.

టీచరమ్మ తలుపు తీసి, నేల మీద కూర్చున్న నన్ను చూసింది. లేపబోయింది. వద్దన్నాను. ఆ రోజు ఆపమంటే ఆపలేదు, తప్పు చేశాను, క్షమించమని అడిగాను. నేననుకున్నంత పొడుగ్గా లేదు ఆ మాట. దారి పొడవునా పెద్ద మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ బయటికి రాలేదు.

ఆవిడ తలుపు పూర్తిగా తెరిచింది. లోపల వాళ్ళాయన మంచం అలాగే ఉంది, పరుపు మాత్రం చుట్టి పెట్టారు. కిటికీలోంచి మెట్ల ఊచలు కనబడుతున్నాయి. అంత దగ్గరని నాకు తెలియదు. నేనెప్పుడూ ఈ వైపు నుంచి చూడలేదు.

తర్వాత ఆవిడ అడిగింది, "ఆ రోజు ఏం చెబుతున్నావు నువ్వు?"

నాకు అర్థం కాలేదు.

"ఆయన పెదాలు కదులుతున్నాయి. చెవి ఆనించి విన్నాను. నీ గొంతే వినబడింది. అదీ గోలే, ఒక్క ముక్క తెలియలేదు. ఆయన మాట ఎలాగూ పోయింది. నువ్వేం చెప్పావో అదైనా చెప్పు."

అక్కా, ఏం చెప్పానో నాకు బాగా గుర్తుంది. నీ మరదలు రెండోసారి వచ్చి వెళ్ళాక ఏం చెప్పానో మరీ బాగా గుర్తుంది, ఎందుకంటే జనం కళ్ళు తుడుచుకున్నది అక్కడే. అది ఆధారమున్న మాటే, ఎవరినీ అడగక్కర్లేదు. నేల మీద కూర్చుని అదే చెప్పాను. ప్రవక్త వారు నమాజు చేయించడానికి నిలబడేటప్పుడు చాలాసేపు చదవాలనే అనుకునేవారట. వెనక వరసల్లోంచి పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లికి కష్టమవుతుందని, నమాజు తొందరగా ముగించేసేవారట.

ఆవిడ టీచరు కదా, పూర్తయ్యేదాకా చూస్తూ ఉంది.

"అంతేనా?" అంది.

అంతేనన్నాను.

"ఇంత చిన్న మాట. దీనికి నీకు రెండు గంటలెందుకు పట్టింది?"

ఆవిడ క్షమించానని అనలేదు, క్షమించననీ అనలేదు. చెయ్యి పట్టి లేపి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. దిగేటప్పుడు జాగ్రత్త, ఎక్కడం కంటే దిగడం కష్టం అంది.

సభకు నా పేరు తీసేయమని ఇవాళ కబురు పంపాను. బట్టల కొట్టాయన సంతోషంతో పళ్ళు పంపాడు.

రెండు గంటలెందుకు పట్టిందని ఆవిడ అడిగినదానికి నీ దగ్గర జవాబుంటుంది, నాకు తెలుసు. ఉంటే రాయకు.

తమ్ముడు.